నలుగురూ కలిసి చిన్న విమానం మాట్లాడుకోవచ్చా? ఖర్చు పంచుకునే ముందు ఏం చూసుకోవాలి?

శనివారం పొద్దున హైదరాబాద్‌లో బయల్దేరి గంటలోపే హంపీ దగ్గర దిగడం, ఆదివారం సాయంత్రానికి ఇంటికి వచ్చేయడం. ‘మనిషికి ఇంత వేసుకుంటే ఒక చిన్న విమానం మాట్లాడుకోవచ్చట’ అని స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు అంటారు. కాసేపటికి ఇంకొకరు ‘మాకు తెలిసినాయనకు సొంత విమానం ఉంది, పెట్రోలు డబ్బులు ఇస్తే చాలు’ అని కలుపుతారు.

ఈ రెండు మాటలూ ఒకేలా అనిపిస్తాయి కానీ, చట్టం దృష్టిలో ఒకటి కాదు. మొదటిది సరిగ్గా చేసుకుంటే పూర్తిగా చట్టబద్ధం. రెండోది చిక్కుల్లో పడేసే బేరం. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా ఆగిపోవచ్చు.

అసలు విమానంలో సీట్లు పంచుకోవడం అంటే ఏమిటి, ఎవరికి డబ్బు ఇవ్వొచ్చు, బిల్లు ఎలా తయారవుతుంది, ఏ కాగితాలు అడగాలి అన్నది ఈ కథనంలో చూద్దాం.

‘షెడ్యూల్డ్’, ‘నాన్ షెడ్యూల్డ్’ అంటే ఏమిటి?

ఆర్టీసీ బస్సుకూ, పెళ్లికి మాట్లాడుకున్న బస్సుకూ ఉన్న తేడా లాంటిదే ఇది.

ఇండిగో, ఎయిరిండియా లాంటి సంస్థలు ముందే టైం టేబుల్ ప్రకటించి, టికెట్లు అమ్మి విమానాలు నడుపుతాయి. ఇవి షెడ్యూల్డ్ సర్వీసులు. టైం టేబుల్ లేకుండా, అడిగినప్పుడు అడిగిన చోటికి నడిపేవి నాన్ షెడ్యూల్డ్ సర్వీసులు. మనం మామూలుగా ‘చార్టర్’ అనేది వీటినే.

చార్టర్ నడపాలంటే ఆ సంస్థకు పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ ఇచ్చే నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ ఉండాలి. దీన్నే ఆ రంగంలో ‘ఎన్ఎస్ఓపీ’ అంటారు.

ఈ పర్మిట్ ఉన్న సంస్థ మూడు రకాలుగా మిమ్మల్ని తీసుకెళ్లొచ్చు.

మొదటిది, విమానం మొత్తం మాట్లాడుకోవడం. బిల్లు విమానానికి పడుతుంది. ఎంతమంది ఎక్కినా బిల్లు దాదాపు అంతే. దాన్ని మీలో మీరు పంచుకుంటారు.

రెండోది, సీటు లెక్కన కొనడం. నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్లు విడిగా సీట్లు అమ్ముకోవడానికి డీజీసీఏ నిబంధనలు అనుమతిస్తాయి. కానీ ఆ విమానాలకు టైం టేబుల్ ప్రచురించకూడదు. మేడారం జాతరకు పర్యాటక శాఖ ఏర్పాటు చేసిన హెలికాప్టర్ సేవల్లో భక్తులు మనిషికి ఇంత అని కట్టి ఎక్కారు కదా, సీటు లెక్కన ప్రయాణం అంటే అలాంటిదే.

మూడోది, ఖాళీగా తిరిగొచ్చే విమానంలో సీట్లు. ఎవరినో ఒక ఊళ్లో దించి ఖాళీగా వెనక్కి వచ్చే విమానాన్ని ఆపరేటర్లు తగ్గించిన ధరకు ఇస్తుంటారు. దీన్ని ‘ఎంప్టీ లెగ్’ అంటారు. ధర తక్కువే కానీ తేదీ, సమయం మీ చేతిలో ఉండవు. మొదటి కస్టమర్ ప్రయాణం మార్చుకుంటే మీ ప్రయాణమూ మారుతుంది, లేదా రద్దవుతుంది. అందుకే తిరుగు ప్రయాణానికి దీన్ని నమ్ముకుంటే సోమవారం ఆఫీసుకు సెలవు పెట్టాల్సి రావచ్చు.

సొంత విమానం ఉన్న స్నేహితుడికి డబ్బులిచ్చి వెళ్లొచ్చా?

అతిథిగా తీసుకెళ్తే వెళ్లొచ్చు. డబ్బు చేతులు మారితే మాత్రం కథ మారుతుంది.

కార్ల విషయంలో మనకు ఇది బాగా తెలుసు. తెల్ల నంబరు ప్లేటు కారు సొంతానికి, పసుపు ప్లేటు కారు కిరాయికి. విమానాల్లోనూ ఇదే విభజన ఉంది. కొన్నింటిని ప్రైవేటు అవసరాలకు, కొన్నింటిని ప్రయాణికుల రవాణాకు అనుమతిస్తారు. తేడా ఏమిటంటే, విమానానికి పసుపు ప్లేటు ఉండదు. మన దేశంలో రిజిస్టరైన విమానాలన్నిటి మీదా ‘వీటీ’ అక్షరాలతో మొదలయ్యే గుర్తే ఉంటుంది. రంగు చూసో, లోపలి సోఫాలు చూసో అది కిరాయికి తిరగొచ్చా లేదా అన్నది చెప్పలేం. కాగితాలే చెప్పాలి.

ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్, 1937 ప్రకారం ఏ రూపంలో ప్రతిఫలం తీసుకుని మనుషులను విమానంలో చేరవేసినా అది ‘పబ్లిక్ ట్రాన్స్‌పోర్ట్’ కిందికే వస్తుంది. ఇక్కడ ‘ఏ రూపంలోనైనా’ అన్న మాట ముఖ్యం. దానికి ‘కిరాయి’ అని పేరు పెట్టినా, ‘ఇంధనం ఖర్చు’ అని పెట్టినా, ‘మెయింటెనెన్స్‌కు సాయం’ అని పెట్టినా అది ప్రతిఫలమే అనిపించుకునే అవకాశం ఉంది. కాబట్టి ‘పెట్రోలు డబ్బులే కదా ఇచ్చాం’ అన్న వాదన నిలబడటం కష్టం.

1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. చట్టం పేరు మారినా, డబ్బుకు ప్రయాణికులను తీసుకెళ్లాలంటే అనుమతి ఉండాలన్న మూల సూత్రం మారలేదు.

పైలట్ విషయంలోనూ ఇదే తేడా ఉంది. ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉన్నవారు డబ్బు తీసుకుని విమానం నడపకూడదు. అందుకు కమర్షియల్ పైలట్ లైసెన్స్ ఉండాలి. మన దేశంలో ప్రైవేట్ లైసెన్సుకు కనీసం 40 గంటలు, కమర్షియల్ లైసెన్సుకు కనీసం 200 గంటలు విమానం నడిపిన అనుభవం అడుగుతారు. ఫ్లయింగ్ క్లబ్‌లో లైసెన్స్ తెచ్చుకున్న స్నేహితుడు ఎంత బాగా నడిపినా, మీరంతా డబ్బులు వేసుకుని అతనికి ఇచ్చి వెళ్లడం ఈ నియమానికి విరుద్ధం.

ప్రమాదం జరిగితే ఏం తేడా వస్తుంది?

ఎక్కువమంది పట్టించుకోని విషయం ఇదే.

పర్మిట్ ఉన్న ఆపరేటర్ ప్రయాణికుల పట్ల తన బాధ్యతకు సరిపడా ఇన్సూరెన్స్ చేయించి ఉంచాలి. విమానంలో ప్రయాణికులను చేరవేసే సంస్థ బాధ్యతను క్యారేజ్ బై ఎయిర్ యాక్ట్, 1972 నిర్దేశిస్తుంది. అంటే, మీరు పర్మిట్ ఉన్న సంస్థ విమానం ఎక్కితే, ఏదైనా జరిగినప్పుడు మీ కుటుంబం ఎవరిని అడగాలో స్పష్టంగా ఉంటుంది.

ప్రైవేటు విమానానికి కూడా ఇన్సూరెన్స్ ఉండొచ్చు. కానీ ఆ పాలసీ సొంత వాడకానికి తీసుకున్నదైతే, డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించారని తేలినప్పుడు కంపెనీ క్లెయిమ్‌ను తిరస్కరించే ప్రమాదం ఉంది.

ఇక మీ సొంత పాలసీ సంగతి. చాలా ప్రమాద బీమా పాలసీల్లో విమాన ప్రయాణంపై ఒక మినహాయింపు ఉంటుంది. అనుమతి ఉన్న విమానంలో చార్జీ కట్టిన ప్రయాణికుడిగా వెళ్తేనే కవరేజీ వర్తిస్తుందని, మరే విధంగా విమానం ఎక్కినా వర్తించదని అందులో రాస్తారు. కొన్ని పాలసీలు షెడ్యూల్డ్ సర్వీసులకే పరిమితం చేస్తాయి. అప్పుడు చట్టబద్ధమైన చార్టర్ కూడా కవర్ కాకపోవచ్చు. అందుకే బయల్దేరే ముందు మీ టర్మ్ ఇన్సూరెన్స్, ప్రమాద బీమా పత్రాల్లో మినహాయింపుల పేజీ తీసి చదవండి. అర్థం కాకపోతే కంపెనీకి మెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్లో ఏజెంట్ చెప్పిన ‘ఏం పర్లేదండీ’ క్లెయిమ్ సమయంలో పనికిరాదు.

చిన్న విమానం అనగానే తెలుగువారిలో చాలామందికి నటి సౌందర్య గుర్తొస్తారు. 2004 ఏప్రిల్ 17న కరీంనగర్‌లో ఎన్నికల ప్రచారానికని బెంగళూరు జక్కూరు నుంచి ఆమె బయల్దేరిన సెస్నా 180 విమానం టేకాఫ్ అయిన కొద్దిసేపటికే కూలిపోయింది. అందులో ఉన్న నలుగురూ చనిపోయారు. చిన్న విమానం ఎక్కొద్దని చెప్పడానికి కాదు ఈ ప్రస్తావన. ఎక్కే ముందు కాగితాలు అడగడం అనుమానించడం కాదు, ఇంట్లోవాళ్ల పట్ల బాధ్యత అని చెప్పడానికే.

పర్మిట్ ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ల జాబితాను డీజీసీఏ తన వెబ్‌సైట్‌లో ఉంచుతుంది. మీరు చేయాల్సిన పని ఇది.

ముందుగా, మీతో మాట్లాడుతున్నది ఆపరేటరా, మధ్యవర్తా అన్నది తేల్చుకోండి. చాలా యాప్‌లు, ట్రావెల్ సంస్థలు మధ్యవర్తులే. అందులో తప్పేమీ లేదు. కానీ విమానం నడిపేది ఎవరో చెప్పాల్సిందే.

ఆ తర్వాత మూడు వివరాలు రాతపూర్వకంగా అడగండి. ఆపరేటర్ సంస్థ పూర్తి పేరు, పర్మిట్ నంబరు, మిమ్మల్ని తీసుకెళ్లే విమానం రిజిస్ట్రేషన్ నంబరు. డీజీసీఏ జాబితాలో ఆ సంస్థ ఉందా, పర్మిట్ గడువు మీ ప్రయాణ తేదీ దాటి ఉందా, ఆ విమానం ఆ పర్మిట్ కింద ఉందా అన్నవి సరిచూసుకోండి.

సంస్థకు పర్మిట్ ఉన్నంత మాత్రాన దాని దగ్గర కనిపించే ప్రతి విమానమూ ఆ పర్మిట్ కిందిదే కావాలని లేదు. చివరి నిమిషంలో ‘ఆ విమానం రిపేరులో ఉంది, ఇంకోటి పంపిస్తున్నాం’ అంటే కొత్త విమానం రిజిస్ట్రేషన్ నంబరు అడిగి మళ్లీ సరిచూసుకోవాలి.

డబ్బు కట్టేటప్పుడు సంస్థ బ్యాంకు ఖాతాకే కట్టండి. జీఎస్టీ నంబరుతో ఇన్వాయిస్ తీసుకోండి. ‘బిల్లు లేకుండా అయితే తక్కువకు వస్తుంది’ అని ఎవరైనా అంటే, ఆ బేరాన్ని అక్కడితో ఆపేయడం మంచిది.

బిల్లు ఎలా తయారవుతుంది?

చార్టర్ ధర గంటల లెక్కన ఉంటుంది. విమానం రకాన్ని బట్టి, ఆపరేటర్‌ను బట్టి, సీజన్‌ను బట్టి రేటు మారుతుంది. అయితే గంట రేటు ఒక్కటే చూసి లెక్క వేసుకుంటే బిల్లు చేతికొచ్చాక కళ్లు తిరుగుతాయి. అందులో ఇంకా ఏమేం ఉంటాయంటే:

- విమానం మీ ఊరికి ఖాళీగా రావడానికి, మిమ్మల్ని దించాక ఖాళీగా వెళ్లడానికి పట్టే సమయం
- రోజుకు కనీసం ఇన్ని గంటలు అని పెట్టే కనీస బిల్లింగ్
- విమానాశ్రయంలో ల్యాండింగ్, పార్కింగ్, గ్రౌండ్ హ్యాండ్లింగ్ చార్జీలు
- విమానం అక్కడే ఆగితే పైలట్ల బస, భోజనం
- విమానాశ్రయం పనివేళలు దాటితే అదనపు చార్జీ
- వీటన్నిటి మీద జీఎస్టీ, చార్టర్‌కు ఇది 18 శాతం

ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్ నుంచి 8 మంది హంపీ వెళ్లాలనుకున్నారు. హంపీకి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, తోరణగల్లు దగ్గర విద్యానగర్ విమానాశ్రయం ఉంది. శంషాబాద్ నుంచి అక్కడికి ఆకాశమార్గాన దాదాపు 300 కిలోమీటర్లు. బీచ్‌క్రాఫ్ట్ కింగ్ ఎయిర్ బీ200 లాంటి రెండు ఇంజిన్ల టర్బోప్రాప్ గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. టేకాఫ్, ల్యాండింగ్ కలుపుకుని బిల్లుకు గంట అనుకుందాం. లెక్క కోసం గంట రేటు రూ.1,50,000, మిగతా చార్జీలన్నీ కలిపి రూ.60,000 అనుకుందాం. ఇవి మార్కెట్ ధరలు కావు, లెక్క అర్థం కావడానికి తీసుకున్న అంకెలు.

పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేస్తే, విమానం అక్కడే ఆగుతుంది. రెండు గంటలకు రూ.3,00,000. చార్జీలతో కలిపి రూ.3,60,000. జీఎస్టీ రూ.64,800. మొత్తం రూ.4,24,800. మనిషికి రూ.53,100.

శనివారం వెళ్లి ఆదివారం రావాలంటే, విమానం మిమ్మల్ని దించి ఖాళీగా వెళ్లి, మళ్లీ ఖాళీగా వచ్చి తీసుకెళ్లాలి. అంటే నాలుగు గంటలు, రూ.6,00,000. మిగతా చార్జీలు అంతే అనుకున్నా రూ.6,60,000. జీఎస్టీ రూ.1,18,800. మొత్తం రూ.7,78,800. మనిషికి రూ.97,350.

ఒక్క రాత్రి ఉన్నందుకు ఒక్కొక్కరి మీద రూ.44,250 పెరిగింది. విమానాన్ని అక్కడే ఆపుకుంటే ఖాళీ ప్రయాణం ఖర్చు తప్పుతుంది కానీ కనీస బిల్లింగ్, పార్కింగ్, పైలట్ల బస వచ్చి పడతాయి. రెండు విధాలుగానూ కొటేషన్ అడిగి, తక్కువ ఏదో చూసుకోవాలి.

గ్రూపులో ఒకరిద్దరు తప్పుకుంటే?

సినిమా టికెట్ అయితే రానివారి టికెట్ ఒక్కటే వృథా. విమానం మొత్తం మాట్లాడుకున్నప్పుడు అలా కాదు. పై రెండో లెక్కలో ఇద్దరు తప్పుకుంటే మిగిలిన ఆరుగురికి మనిషికి రూ.1,29,800 పడుతుంది. అంటే ఒక్కొక్కరి మీద అదనంగా రూ.32,450.

స్నేహాలు చెడేది ఇక్కడే. కాబట్టి విమానం బుక్ చేసే ముందే గ్రూపులో మూడు విషయాలు తేల్చుకోండి.

ఒకటి, అడ్వాన్స్ కట్టే ముందే అందరి దగ్గరా పూర్తి వాటా వసూలు చేయాలి. ‘వచ్చాక ఇస్తాలే’ అన్న మాట ఇక్కడ పనిచేయదు.

రెండు, తప్పుకున్నవారి వాటా తిరిగి రాదని, లేదా తమ బదులు ఇంకొకరిని వాళ్లే చూడాలని ముందే అనుకోవాలి. గ్రూపులో ఒక మెసేజ్ పెట్టి అందరి చేతా ‘సరే’ అనిపించుకుంటే చాలు.

మూడు, ఆపరేటర్‌తో ఒప్పందం ఎవరి పేరున ఉంటుందో చూసుకోవాలి. రద్దు చేస్తే ఎంత కోత, తేదీ మారిస్తే ఎంత, వాతావరణం వల్ల విమానం ఎగరకపోతే డబ్బు తిరిగి ఇస్తారా లేక వేరే తేదీ ఇస్తారా అన్నవన్నీ ఆ ఒప్పందంలోనే ఉంటాయి. సంతకం పెట్టినవారినే ఆపరేటర్ అడుగుతాడు.

మిగిలిన సీట్లను నింపడానికి ముక్కూమొహం తెలియని వారికి సోషల్ మీడియాలో అమ్మకానికి పెట్టడం మంచి ఆలోచన కాదు. అయిన ఖర్చును స్నేహితులు పంచుకోవడం వేరు. లాభం వేసుకుని సీట్లు అమ్మడం వ్యాపారం. ప్రయాణం రద్దయితే ఆ కొన్నవారు ఆపరేటర్‌ను కాదు, మిమ్మల్నే పట్టుకుంటారు. సీట్లు మిగిలితే వాటిని అమ్మే పని ఆపరేటర్‌కే వదిలేయండి.

ఏ విమానం? ఎంతమంది పడతారు?

చిన్న చార్టర్లలో తరచుగా వినిపించే పేర్లు కొన్ని.

సెస్నా 208 కారవాన్: ఒక టర్బోప్రాప్ ఇంజిన్. 9 మంది దాకా కూర్చోవచ్చు. చిన్న రన్‌వేల మీద దిగగలదు. లోపల గాలి పీడనాన్ని నియంత్రించే ఏర్పాటు ఉండదు కాబట్టి తక్కువ ఎత్తులోనే వెళ్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం కుదుపులు తెలుస్తాయి. టాయిలెట్ సాధారణంగా ఉండదు.

పిలాటస్ పీసీ-12: ఇదీ ఒక ఇంజిన్‌దే. పీడన నియంత్రణ ఉంటుంది. వేగం ఎక్కువ.

కింగ్ ఎయిర్ బీ200: రెండు ఇంజిన్లు. సీట్ల అమరికను బట్టి 7 నుంచి 9 మంది.

ఎన్ని సీట్లుంటే అంతమందీ, ఎంత సామానైనా పడుతుందనుకోవద్దు. చిన్న విమానంలో మనుషులు, సామాను, ఇంధనం మూడూ కలిపి ఒక పరిమితి దాటకూడదు. అన్ని సీట్లూ నిండితే ఇంధనమో సామానో తగ్గించాల్సి రావచ్చు. వేసవి ఎండలో గాలి పలుచబడి టేకాఫ్ సామర్థ్యం తగ్గుతుంది కాబట్టి ఈ పరిమితి ఇంకా బిగుస్తుంది. అందుకే ఆపరేటర్ ఒక్కొక్కరి బరువు, బ్యాగుల బరువు అడుగుతాడు. మొహమాటపడి ఐదు కిలోలు తగ్గించి చెప్పొద్దు. ఎనిమిది మందీ అలాగే చెబితే అది 40 కిలోల అబద్ధం అవుతుంది. గట్టి సూట్‌కేసుల బదులు మెత్తటి బ్యాగులు తీసుకెళ్తే సర్దడం తేలిక.

ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లొచ్చు?

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక బేగంపేట నుంచి మామూలు ప్రయాణికుల సర్వీసులు ఆగిపోయాయి. అయితే ప్రైవేటు, వీఐపీ, సైనిక విమానాలకు అది ఇప్పటికీ ఉపయోగపడుతోంది. మీ విమానం శంషాబాద్ నుంచా, బేగంపేట నుంచా అన్నది ఆపరేటర్ దగ్గర ముందే అడిగి తెలుసుకోండి. లేకపోతే ఊరికి ఆ చివర దిగి ఈ చివరకు పరిగెత్తాల్సి వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో గన్నవరం, రేణిగుంట, రాజమహేంద్రవరం, కడప, ఓర్వకల్లు లాంటి చోట్లకు చార్టర్లు వెళ్లే వీలుంది. విశాఖ విమానాశ్రయం నేవీ స్థావరమైన ఐఎన్ఎస్ డేగాలో ఉంది కాబట్టి అక్కడ సమయాల విషయంలో నేవీ అవసరాలకే మొదటి ప్రాధాన్యం. అక్కడ ఫొటోలు, వీడియోలు తీయకూడదు. పుట్టపర్తిలోని శ్రీ సత్యసాయి విమానాశ్రయం ప్రైవేటుది. ఇలాంటి చోట్ల దిగాలంటే యాజమాన్యం అనుమతి ముందుగా తీసుకోవాలి. ఈ పని ఆపరేటర్‌దే అయినా, అనుమతి వచ్చిందని రూఢి చేసుకున్నాకే హోటల్ బుక్ చేసుకోండి.

ఎక్కడో పాత రన్‌వే ఉందని గూగుల్ మ్యాప్‌లో కనిపించినంత మాత్రాన అక్కడ దిగలేం. రన్‌వే పరిస్థితి, అగ్నిమాపక ఏర్పాట్లు, భద్రత, అనుమతులు అన్నీ ఉండాలి.

చాలా చిన్న విమానాశ్రయాలు నిర్ణీత వేళల్లోనే పనిచేస్తాయి. కొన్నిచోట్ల చీకటి పడ్డాక దిగే ఏర్పాట్లు ఉండవు. సాయంత్రం 5 గంటలకు బయల్దేరాలనుకుని గ్రూపులో ఇద్దరు గంట ఆలస్యంగా వస్తే, ఆ రోజుకు ప్రయాణం లేనట్టే కావచ్చు. వానాకాలంలో, శీతాకాలం ఉదయపు పొగమంచులో ఆలస్యాలు మామూలే. వాతావరణం బాగా లేదని పైలట్ వెళ్లనంటే అదే చివరి మాట. ‘డబ్బులు కట్టాం, తీసుకెళ్లాల్సిందే’ అని ఒత్తిడి చేయడం మీ ప్రాణాల మీదికే తెచ్చుకోవడం. తిరుగు రోజున రైలుకో, కారుకో ప్రత్యామ్నాయం ఆలోచించి పెట్టుకోండి.

విమానాశ్రయంలో ఏం చేయాలి?

చార్టర్ అయినా భద్రతా తనిఖీ తప్పదు. ప్రయాణికుల పేర్ల జాబితా ముందుగా ఆపరేటర్‌కు ఇవ్వాలి. ఆ పేర్లు గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఉండాలి. ఆధార్, ఓటరు కార్డు, పాస్‌పోర్టు లాంటి ఒరిజినల్ వెంట ఉంచుకోండి. విదేశీ పౌరసత్వం ఉన్నవారు పాస్‌పోర్టు తెచ్చుకోవాలి. చివరి నిమిషంలో ‘మా బావమరిది కూడా వస్తాడు’ అంటే సీటున్నా కుదరకపోవచ్చు. బరువు లెక్క, పేర్ల జాబితా రెండూ మారాలి కాబట్టి.

కత్తులు, బాణసంచా, గ్యాస్ స్టవ్‌ల లాంటివి క్యాంపింగ్‌కని పట్టుకెళ్లొద్దు. పవర్ బ్యాంకులు చేతి బ్యాగులోనే ఉంచుకోవాలి.

అమెరికాలో ఉన్న స్నేహితుడు పైలట్ అయితే?

అమెరికాలో ఉంటున్న తెలుగువారిలో సరదాగా ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తెచ్చుకున్నవారు ఉన్నారు. అక్కడికి వెళ్లినప్పుడు ‘రా, నా విమానంలో తిప్పుతా’ అని అడిగితే, ఖర్చు పంచుకోవడానికి అక్కడి నియమాలు కొంతవరకు ఒప్పుకుంటాయి.

ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ నియమం ప్రకారం ప్రైవేట్ పైలట్ తన వాటా కంటే తక్కువ కట్టకూడదు. పంచుకోదగ్గవి ఇంధనం, ఆయిల్, విమానాశ్రయం ఖర్చులు, విమానం అద్దె మాత్రమే. ఉదాహరణకు పైలట్‌తో కలిపి నలుగురు వెళ్లారు, ఈ ఖర్చులు 480 డాలర్లు అయ్యాయి అనుకుంటే, పైలట్ కనీసం 120 డాలర్లు తన జేబులోంచి పెట్టుకోవాలి. అతనికి కూడా ఆ ఊరికి వెళ్లే పని ఉండాలి. మీరు అడిగారని మిమ్మల్ని దించి రావడం ఇందులోకి రాదు.

సీట్లున్నాయని ఎవరికి పడితే వారికి ప్రకటన ఇవ్వకూడదు. పైలట్లను, ఖర్చు పంచుకునే ప్రయాణికులను ఆన్‌లైన్‌లో కలిపిన ఫ్లైటెనౌ అనే సంస్థ ఈ విషయమై కోర్టుకు వెళ్లింది. 2015 డిసెంబరులో అక్కడి అప్పీళ్ల కోర్టు ఎఫ్ఏఏ పక్షానే తీర్పిచ్చింది. యూరప్‌లో నియమాలు ఇంతకంటే ఉదారం. చిన్న విమానాల్లో పైలట్‌తో కలిపి ఆరుగురి వరకు ఖర్చు పంచుకోవచ్చు.

అక్కడ స్నేహితుడితో అలా వెళ్లొచ్చిన అనుభవంతో, ఇక్కడా అంతే అనుకోవద్దు. ఆ నియమాలు ఆయా దేశాలకే పరిమితం.

ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలి?

పర్మిట్ లేకుండా డబ్బు తీసుకుని విమానం నడుపుతున్నారని తెలిస్తే డీజీసీఏకు ఫిర్యాదు చేయొచ్చు. విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం పౌర విమానయాన శాఖ నడిపే ఎయిర్ సేవా పోర్టల్ ఉంది.

డబ్బు వాపసు, ఒప్పందం ఉల్లంఘన లాంటి వాటికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. చెల్లించిన మొత్తం రూ.50 లక్షల వరకు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ఎక్కడికి వెళ్లినా ముందు అడిగేది ఇన్వాయిస్, ఒప్పందం, చెల్లింపు రుజువు. మధ్యవర్తి వాట్సాప్‌లో ఇచ్చిన హామీలను కూడా స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోండి.

డబ్బు కట్టే ముందు అడగాల్సినవి

1. విమానం నడిపే సంస్థ పేరు, పర్మిట్ నంబరు, గడువు ఏమిటి?
2. విమానం రిజిస్ట్రేషన్ నంబరు ఏమిటి? అది ఈ పర్మిట్ కింద ఉందా?
3. ప్రయాణికులకు ఇన్సూరెన్స్ ఉందా? ఆ పత్రం చూపిస్తారా?
4. కొటేషన్‌లో ఖాళీ ప్రయాణం, పార్కింగ్, పైలట్ల బస, జీఎస్టీ అన్నీ కలిశాయా?
5. ఇంతమందికి, ఇంత సామానుకు ఈ విమానం సరిపోతుందా?
6. దిగే విమానాశ్రయం అనుమతి వచ్చిందా? అక్కడి పనివేళలు ఏమిటి?
7. వాతావరణం వల్ల ఆగిపోతే డబ్బు సంగతేమిటి?
8. మనవాళ్లలో ఒకరు తప్పుకుంటే ఆ వాటా ఎవరు భరించాలి?

మొదటి రెండు ప్రశ్నలకు సూటిగా జవాబు రాకపోతే మిగతా ఆరు అడగాల్సిన పని లేదు. ఆ విమానం ఎంత చవకగా వచ్చినా వదిలేయడమే మేలు.